బీరువాలో దాచిన పెన్ డ్రైవ్ అన్నీ మరిచిపోయింది: నానో గాజు బిళ్లలు వచ్చేదాకా ఆగాలా?

హరికథ_వారసుడు

మా నాన్నగారు హరికథలు చెప్పేవారు. 1984 నుంచి 1996 దాకా ఊరూరా చెప్పిన కథలు ఇరవై మూడు క్యాసెట్లలో ఉండేవి. 2012లో వాటన్నిటినీ కంప్యూటర్‌లోకి ఎక్కించాను. 2017లో మొత్తం ఒక పెన్ డ్రైవ్‌లోకి దించి బీరువాలో పట్టుచీరల మడతల్లో, కలరా ఉండల పక్కన దాచాను. ఆ తరువాత కంప్యూటర్ పాడైంది. పెన్ డ్రైవ్ ఉంది కదా అని నిశ్చింతగా ఉన్నాను.

మొన్న నాన్నగారి ఆబ్దికం. భోజనాలయ్యాక అందరం కూర్చుని రుక్మిణీ కల్యాణం విందామని దాన్ని బయటికి తీశాను. ఇరవై మూడింటిలో పద్నాలుగు తెరుచుకోనే లేదు. తెరుచుకున్నవాటిలో కూడా నాన్నగారు "అంతట శ్రీకృష్ణుడు..." అంటారు, అక్కడితో గొంతు ఆగిపోతుంది. అది కింద పడలేదు, తడవలేదు, ఎవరూ ముట్టుకోలేదు. తాళం వేసిన పెట్టెలో బంగారం దానంతట అదే కరిగిపోయినట్టు ఉంది నాకు.

అదే వారం పేపర్లో చదివాను: నానోటెక్నాలజీతో అరచేతిలో పట్టే గాజు బిళ్ల మీద వందల టెరాబైట్లు దాస్తారట, కోట్ల సంవత్సరాలు చెక్కుచెదరదట. గ్రాము డీఎన్ఏలో ప్రపంచంలోని గ్రంథాలయాలన్నీ పడతాయట. నా ప్రశ్నలు రెండే. కదలకుండా పడున్న వస్తువు ఎందుకు మరిచిపోయింది? ఆ గాజు బిళ్లలు నిజమా? నిజమైతే మిగిలిన తొమ్మిదింటికైనా కొని పెట్టుకుంటాను.

పోపులపెట్టె

కలరా ఉండలు చిమ్మటలను ఆపుతాయి కానీ ఎలక్ట్రాన్లను ఆపవని ఇవాళ తెలిసింది.

మెమరీ_మేస్త్రి

పోపులపెట్టె గారు నవ్వులాటకు అన్నారు కానీ జరిగింది అదే.

హైదరాబాద్‌లో మెమరీ చిప్పుల డిజైన్ నా వృత్తి. ముందుగా ఒక మాట. వారసుడు గారూ, నానోటెక్నాలజీ ఎప్పుడో వస్తుందని మీరు ఎదురు చూడనక్కరలేదు. మీ పట్టుచీరల మధ్య పడుకున్నదే నానోటెక్నాలజీ. మిమ్మల్ని ముంచింది కూడా అదే.

పెన్ డ్రైవ్‌లో ఉండేది ఫ్లాష్ మెమరీ. దీని మూలం 1967లో బెల్ ల్యాబ్స్‌లో కాంగ్, జీ అనే ఇద్దరు చేసిన పని. 1980లలో తోషిబాలో మసువోకా దాన్ని ఇప్పుడు మనం వాడే రూపానికి తెచ్చారు. చిప్పు నిండా సమాచారం దాచే బుల్లి గదులు. ఒక్కో గది చుట్టూ ఆక్సైడ్ గోడ, లోపల బంధించిన ఎలక్ట్రాన్లు. ఆ గోడ మందం పది నానోమీటర్ల లోపు. వెంట్రుక మందం అందులో వేల రెట్లు. ఇక్కడ తమాషా ఏమిటంటే ఆ గదికి తలుపు లేదు. రాసేటప్పుడు వోల్టేజి పెట్టి ఎలక్ట్రాన్లను గోడ దూకిస్తాము. గోడ దూకి వచ్చినవాడికి గోడ దూకి పోవడమూ తెలుసు. ఎవరూ ముట్టుకోకపోయినా ఒక్కొక్కటే నెమ్మదిగా జారుకుంటాయి. ఎండ వేడికి ఇంకా తొందరగా.

ఇక రెండో సంగతి. తొలి రోజుల్లో ఒక గదికి ఒకే బిట్, అంటే ఒకటో సున్నానో. చెంబు నిండుగా ఉందా, ఖాళీగా ఉందా అని చూస్తే చాలు. పావు వంతు నీళ్లు కారిపోయినా "నిండుగానే ఉంది" అని చెప్పవచ్చు. ఇప్పుడు చౌక చిప్పుల్లో ఒక్క గదిలోనే నాలుగు బిట్లు కుక్కుతున్నారు. అంటే అదే చెంబు మీద పదహారు గీతలు. నీళ్లు ఏ గీత దగ్గర ఉన్నాయో చూసి అక్షరం చదవాలి. నాలుగు చుక్కలు కారితే గీత మారిపోతుంది, "శ్రీకృష్ణుడు" తరువాత ఏమి ఉందో ఇక చిప్పుకే తెలియదు.

దయచేసి ఆ పెన్ డ్రైవ్‌ను మళ్లీ మళ్లీ గుచ్చి చూడకండి, దాని మీద కొత్తగా ఏమీ రాయకండి. ముందు బిట్టు బిట్టుగా పూర్తి నకలు తీయించండి. ఆ నకలు మీద కుస్తీ పట్టవచ్చు.

సందేహాల_సుబ్బులు

మేస్త్రి గారూ, మీ లెక్కన గది పెద్దది చేస్తే సమస్య తీరిపోతుంది కదా. ఎందుకు చేయరు?

మెమరీ_మేస్త్రి

చేశారు! ఈ సంగతి చాలామందికి తెలియదు. ఒకే అంతస్తులో గదులను చిన్నవి చేసుకుంటూ పదిహేను, పదహారు నానోమీటర్ల దాకా వెళ్లాక ఒక్కో గదిలో ఎలక్ట్రాన్లు మరీ తక్కువైపోయాయి. పక్క గదిలో కదలిక వస్తే ఈ గదిలో లెక్క తప్పేది. అందుకని చిన్నవి చేయడం ఆపి మేడలు కట్టడం మొదలుపెట్టారు. 2013లో శామ్‌సంగ్ 24 అంతస్తుల చిప్పు తెచ్చింది. ఇప్పుడు రెండు వందలు దాటాయి. మేడ కట్టాక గదులు మళ్లీ కొంచెం విశాలమయ్యాయి.

పోపులపెట్టె

అచ్చం మన కోకాపేట. భూమి దొరకకపోతే ఆకాశం అమ్మడం.

మెమరీ_మేస్త్రి

సరిగ్గా అంతే. విశాలమైన గది దొరికిందని సంతోషించేలోపు మళ్లీ నలుగురేసి బిట్లను అద్దెకు దింపారు. ఎందుకంటే 600 రూపాయలకు 128 జీబీ కావాలని అడిగేది మనమే.

బేరాల_బాబూరావు

128 ఏమిటి, నేను 500 రూపాయలకు 2 టెరాబైట్ల పెన్ డ్రైవ్ కొన్నాను. కంప్యూటర్‌లో పెడితే 2 టెరాబైట్లనే చూపించింది. మా అమ్మాయి పెళ్లి వీడియో మొత్తం వేశాను, ఎక్కిందని కూడా చెప్పింది. తీరా చూస్తే లోపల ఉన్నది 32 జీబీ. అది నిండగానే మొదటి నుంచీ చెరిపి దాని మీదే రాసుకుంటూ పోయిందట. స్నాతకం లేదు, జీలకర్ర బెల్లం లేదు. అప్పగింతలు మాత్రం పూర్తిగా ఉన్నాయి.

పోపులపెట్టె

ఏడుపు మిగిల్చింది అంటారు.

నక్షత్రకుడు

వారసుడు గారి రెండో ప్రశ్నకు నేను జవాబు చెబుతాను. కొనకండి, ఎదురు చూడకండి. ముప్పై ఏళ్లుగా ఇదే పాట వింటున్నాను.

ఐబీఎం వాళ్ల జూరిక్ ప్రయోగశాలలో మిల్లీపీడ్ అని ఒకటి చేశారు, అంటే సహస్రపాది, మన రోకలిబండ. నాలుగు వేలకు పైగా సన్నటి సూదులు, ఒక్కొక్కటి ప్లాస్టిక్ పొర మీద పది నానోమీటర్ల గుంట పొడవడం. గుంట ఉంటే ఒకటి, లేకపోతే సున్నా. 2005 ప్రాంతంలో ప్రదర్శనకు పెట్టారు, పత్రికలన్నీ రాశాయి. సూదులు పొడుస్తూ ఉండగానే ఫ్లాష్ ధర పడిపోయింది, రోకలిబండ ముడుచుకుని పడుకుంది. 2015లో ఇంటెల్, మైక్రాన్ కలిసి త్రీడీ ఎక్స్‌పాయింట్ అనే కొత్త రకం మెమరీ అన్నారు. ఫ్లాష్ కన్నా వెయ్యి రెట్ల వేగం అన్నారు. బజారులోకి కూడా వచ్చింది, ఆప్టేన్ పేరుతో. 2022లో ఇంటెల్ దుకాణం మూసేసింది.

కాబట్టి గాజు బిళ్ల ఎప్పుడు వస్తుందని అడిగితే నా జవాబు: "వచ్చే ఐదేళ్లలో". ఎప్పుడు అడిగినా అదే జవాబు.

ఫిజిక్స్_మాస్టారు

నక్షత్రకుడు గారు పేరుకు తగ్గట్టే అప్పు వసూలుకు వచ్చారు. కానీ ఒకవైపు లెక్కే చెప్పారు. మూలన పడ్డవి లెక్కపెట్టారు, మన ఇళ్లలోకి చడీచప్పుడు లేకుండా వచ్చి కూర్చున్నవి వదిలేశారు.

1988లో ఫ్రాన్సులో ఆల్బర్ట్ ఫెర్ట్, జర్మనీలో పీటర్ గ్రున్‌బర్గ్ విడివిడిగా ఒకే సంగతి కనిపెట్టారు. నానోమీటరు మందంలో, అంటే కొద్ది వరసల పరమాణువులంత పల్చగా, లోహపు పొరలను ఒకదాని మీద ఒకటి పేర్చితే కొద్దిపాటి అయస్కాంత క్షేత్రానికే విద్యుత్ నిరోధం బాగా మారుతుంది. తొమ్మిదేళ్లు తిరగకుండా 1997లో ఆ పొరలతో చదివే హార్డ్ డిస్క్ బజారులోకి వచ్చింది. 2007లో వాళ్లిద్దరికీ నోబెల్ ఇచ్చారు. మీరు ఆ రోజుల్లో కొన్న కంప్యూటర్లో డిస్క్ సైజు ఏటేటా ఎందుకు పెరుగుతూ పోయిందో ఎప్పుడైనా ఆలోచించారా? "ఇది నానో" అని డబ్బా మీద రాయలేదు కాబట్టి మనకు తెలియలేదు.

నక్షత్రకుడు

ఒప్పుకుంటాను, మాస్టారూ. కానీ అది 1997. ఆ తరువాత?

డల్లాస్_లక్ష్మి

ఆ తరువాతిది నేను రోజూ చూస్తున్నాను. ఇక్కడ ఒక డేటా కేంద్రంలో పాత సమాచారం భద్రపరిచే విభాగంలో ఉద్యోగం నాది.

హార్డ్ డిస్క్ పళ్లెం మీద అయస్కాంతపు రేణువులు ఉంటాయి. ఎక్కువ సమాచారం పట్టాలంటే రేణువు చిన్నది కావాలి. మరీ చిన్నదైతే దానికి నిలకడ ఉండదు. ఏనుగును కూర్చోబెడితే కూర్చుంటుంది, రెండేళ్ల పిల్లవాడిని కూర్చోబెట్టండి చూద్దాం. గదిలో ఉండే మామూలు వేడికే అది ఇటు నుంచి అటు తిరిగిపోతుంది. రాసిన ఒకటి సున్నా అయి కూర్చుంటుంది. అందుకని ఇనుము, ప్లాటినం కలిపిన మొండి రేణువులు వాడారు. అవి కదలవు. అసలు రాయడానికి కూడా కదలవు! అదే పెద్ద చిక్కు.

దానికి కనిపెట్టిన ఉపాయం మన లక్క ముద్ర లాంటిది. లక్క చల్లగా ఉంటే ముద్ర పడదు. వేడి చేసి, మెత్తబడగానే ముద్ర గుద్ది, ఆరనిస్తే ఇక చెరగదు. డిస్క్‌లో రాసి చదివే తల మీద చిన్న లేజర్ పెట్టి, పదుల నానోమీటర్ల చోటును క్షణంలో నాలుగు వందల డిగ్రీలు దాటించి, ముద్ర వేసి, చల్లారనిస్తారు. ఇదంతా నానోసెకన్ల లెక్కలో జరిగిపోతుంది. తల ఎగిరే ఎత్తు పళ్లెం మీద నుంచి కొద్ది నానోమీటర్లే. 2024 మొదట్లో సీగేట్ ఈ పద్ధతిలో ఒక్క డిస్క్‌లో 30 టెరాబైట్లు దాటించింది. ఈ పద్ధతి కూడా "వచ్చే ఐదేళ్లలో" అని చాలాకాలం వెక్కిరింతలు పడిందే, నక్షత్రకుడు గారూ. ఆలస్యంగా వచ్చింది, కానీ వచ్చింది.

సందేహాల_సుబ్బులు

లక్క ముద్ర పోలిక బాగుంది. అయితే వారసుడు గారు పెన్ డ్రైవ్ బదులు హార్డ్ డిస్క్‌లో దాచి ఉంటే బతికేవా?

డల్లాస్_లక్ష్మి

రేణువుల మీద ముద్ర నిలిచేది. కానీ మోటారు, తల, బేరింగులు ఉన్నాయి కదా. ఏళ్ల తరబడి తిరగకుండా ఉంచితే ఏది ఎప్పుడు పట్టేస్తుందో చెప్పలేము. అక్షరం బాగానే ఉంటుంది, పుస్తకమే తెరుచుకోదు.

మేము దీర్ఘకాలానికి టేపు వాడుతాము. అవును, టేపే, నవ్వకండి. బేరియం ఫెర్రైట్ నానో రేణువులు పూసిన టేపు. 2021లో వచ్చిన తరంలో ఒక్క టేపుకు 18 టెరాబైట్లు. ప్రయోగశాలలో 580 టెరాబైట్ల టేపు 2020లోనే చూపించారు, ఐబీఎం, ఫుజీఫిల్మ్ కలిసి. టేపు చౌక, దాన్ని నడిపే యంత్రం మాత్రం ఇంట్లో కొనేంత చౌక కాదు.

ఫిజిక్స్_మాస్టారు

గాజు సంగతి ఎవరూ చెప్పలేదు కాబట్టి నేను చెబుతాను. ఇంగ్లండులో సౌతాంప్టన్ విశ్వవిద్యాలయం వాళ్లు 2013లో చూపించారు. స్ఫటికపు గాజులోకి ఫెమ్టోసెకను లేజర్ కొడతారు. సెకనులో లక్ష కోట్ల వంతు కూడా ఉండని ఆ దెబ్బకు గాజు లోపల నానో పరిమాణంలో చారలు ఏర్పడతాయి. పత్రికలు "ఐదు కొలతల జ్ఞాపకం" అని రాసి అందరినీ భయపెట్టాయి కానీ అందులో మర్మం ఏమీ లేదు. చుక్క ఎక్కడ ఉందో చెప్పడానికి పొడవు, వెడల్పు, లోతు మూడు. ఆ చుక్కలో చారలు ఏ దిక్కుకు తిరిగి ఉన్నాయి అనేది నాలుగోది. కాంతిని ఎంత గట్టిగా మళ్లిస్తున్నాయి అనేది ఐదోది. ముగ్గులో చుక్కలు పెట్టి, ఒక్కో చుక్క దగ్గర గీత వాలు, గీత మందం కూడా అర్థవంతం చేశారనుకోండి.

2016లో మానవ హక్కుల ప్రకటన, న్యూటన్ కాంతిశాస్త్ర గ్రంథం అలా చెక్కి పెట్టారు. బిళ్లకు 360 టెరాబైట్ల దాకా పడతాయన్నారు. 190 డిగ్రీల వేడిలో కూడా 1380 కోట్ల ఏళ్లు నిలుస్తుందని అంచనా. అంటే ఈ విశ్వం వయసు.

పోపులపెట్టె

హామీ కాలంలో పాడైతే ఎవరిని అడగాలి?

నక్షత్రకుడు

నిలవడం సరే, రాయడం మాటేమిటి? అదే విశ్వవిద్యాలయం 2021లో చెప్పిన వేగం సెకనుకు సుమారు 230 కిలోబైట్లు. లెక్క కట్టి చూశాను. ఒకే కిరణంతో 360 టెరాబైట్ల బిళ్ల నింపాలంటే దాదాపు యాభై ఏళ్లు. తాత మొదలుపెడితే మనవడు ముగిస్తాడు.

ఫిజిక్స్_మాస్టారు

చాలా కిరణాలు ఒకేసారి వాడవచ్చని వాళ్లే చెప్పారు. అయినా మీ లెక్కనే తీసుకుందాము. వారసుడు గారి ఇరవై మూడు క్యాసెట్లు, గంట చొప్పున, మామూలు ఎంపీత్రీ నాణ్యతలో, 1.3 జీబీ చుట్టుపక్కల. అదే వేగంతో గంటన్నర పైన ఇంకొక ఐదు నిమిషాలు. అంటే ఒక హరికథ చెప్పేటంతసేపు. పెద్దవాళ్ల సమస్యకూ ఇంట్లో వాళ్ల సమస్యకూ తేడా అది. యాభై ఏళ్లు ఎవరికి? ప్రపంచమంతా దాచేవాళ్లకు. మనకు గంటన్నర చాలు. కాకపోతే ఆ లేజర్ మన ఊళ్లో ఎవరి దగ్గర ఉందో చెప్పండి.

హరికథ_వారసుడు

డీఎన్ఏ గురించి కూడా చెప్పండి. మా అబ్బాయి బయోటెక్నాలజీ చదువుతున్నాడు, "నాన్నా, తాతగారిని ట్యూబులో పెట్టేద్దాం" అంటున్నాడు.

ఫిజిక్స్_మాస్టారు

అబ్బాయికి నా ఆశీస్సులు, మీ జేబుకు నా సానుభూతి. 2017లో అమెరికాలో ఇద్దరు పరిశోధకులు గ్రాముకు 215 పెటాబైట్ల (పెటాబైటు అంటే వెయ్యి టెరాబైట్లు) లెక్కన డీఎన్ఏలో దాచే పద్ధతి చూపించారు. దాచింది మాత్రం 2 మెగాబైట్లు. రాయడానికి 7,000 డాలర్లు, చదవడానికి 2,000. ఆ ధరకు మీ నాన్నగారి కథలకు దాదాపు 60 లక్షల డాలర్లు. 2019లో మైక్రోసాఫ్ట్, వాషింగ్టన్ విశ్వవిద్యాలయం కలిసి మనుషుల చెయ్యి పడకుండా మొత్తం పని చేసే యంత్రం తయారు చేశాయి. అది "హలో" అనే ఐదు ఇంగ్లీషు అక్షరాలు రాసి చదవడానికి 21 గంటలు పట్టింది.

పోపులపెట్టె

హలో అనేలోపు వచ్చిన చుట్టం వెళ్లి పోతాడు.

మెమరీ_మేస్త్రి

నవ్వుకోండి కానీ ఆ దారిని తేలికగా తీసేయకండి. 2022లో గ్రీన్‌లాండ్‌లో గడ్డకట్టిన మట్టిలోంచి 20 లక్షల ఏళ్ల నాటి డీఎన్ఏ ముక్కలు చదివారు. నేను డిజైన్ చేసే చిప్పుకు, ఆయువంతా వాడేసిన తరువాత కరెంటు లేకుండా 30 డిగ్రీల దగ్గర ఒక్క ఏడాది నిలుపుకుంటే చాలని పరిశ్రమ ప్రమాణం. కొత్తది ఎక్కువ కాలమే ఉంటుంది లెండి. అయినా ఏడాది ఎక్కడ, 20 లక్షలు ఎక్కడ?

తాటాకు

ఇంతసేపూ చదువుతున్నాను. నేను ప్రాచ్య లిఖిత గ్రంథాలయంలో ముప్పై రెండేళ్లు పనిచేసి విరమించాను. నానో సంగతి తెలియదు, నిల్వ సంగతి కొంత తెలుసు.

తాటాకు మీద గంటంతో గీస్తాము, మసి రుద్దుతాము, గీతలో మసి నిలుస్తుంది. గుంట ఉంటే అక్షరం, లేకపోతే ఖాళీ. పైన చెప్పిన సూదుల యంత్రం గురించి చదివి నవ్వుకున్నాను. తాళ్లపాక వారి సంకీర్తనలను రాగి రేకుల మీద చెక్కించి తిరుమల గుడిలో అరలో పెట్టి మూసేశారు. ఆ అరను పట్టించుకోవలసినంతగా పట్టించుకోకుండానే శతాబ్దాలు గడిచిపోయాయి. ఇరవయ్యో శతాబ్దిలో బయటికి తెచ్చి పరిష్కరించే పని మొదలైనప్పుడు ఆ రేకులకు కరెంటు పెట్టవలసిన అవసరం పడలేదు. వెలుతురులో పట్టుకుంటే చాలు, లిపి తెలిసినవాడు చదివాడు. మీ గాజు బిళ్లను వెయ్యేళ్ల తరువాత తవ్వి తీసినవాడు దాన్ని అద్దం ముక్క అనుకోడా?

బేరాల_బాబూరావు

అనుకుని పారేస్తాడు. లేదా బేరానికి పెడతాడు.

నక్షత్రకుడు

తాటాకు గారూ, మిగిలినవి చూసి మురిసిపోతున్నాము. అన్నమయ్య 32 వేలు రాశాడంటారు, మనకు దొరికినవి పన్నెండు వేల పైచిలుకు. మిగిలినవి ఏమయ్యాయి? మీ గ్రంథాలయంలో చెదలు తినని తాటాకు కట్ట ఒక్కటి చూపించండి. పేరు మాత్రమే తెలిసి, పుస్తకం దొరకని తెలుగు కావ్యాలు ఎన్ని లేవు?

తాటాకు

మీరన్నది నిజం, కాదనను. మన ఉక్కపోతలో తాటాకు రెండు మూడు వందల ఏళ్లు నిలిస్తే గొప్ప. భారతం నిలిచింది తాటాకు గట్టిదై కాదు, తరం తరం ఎవరో ఒకరు కొత్త ఆకుల మీదికి ఎక్కించారు కాబట్టి. ఆ లేఖకులు చివర్లో ఒక శ్లోకం రాసుకునేవారు: నడుము విరిగి, మెడ పట్టేసి, చూపు నిలిచిపోయి, తల వంచి ఎంతో కష్టపడి రాశాను, జాగ్రత్తగా కాపాడండి అని. ఎన్ని కట్టల చివర చూశానో! ఎక్కించడం ఆపిన గ్రంథాలే పోయాయి.

మెమరీ_మేస్త్రి

ఆ శ్లోకం నేను మా చిప్పు మీద చెక్కిస్తాను. నిజానికి కరెంటులో ఉన్న మంచి ఎస్‌ఎస్‌డీ, అంటే ఫ్లాష్ చిప్పులతో చేసిన డిస్క్, చేసేది లేఖకుడి పనే. తనలో కారుతున్న గదులను గమనించి, లెక్క తప్పకముందే కొత్త గదుల్లోకి ఎక్కించుకుంటుంది. చౌక పెన్ డ్రైవ్ ఆ పని చేస్తుందనే భరోసా లేదు. బీరువాలో పెట్టి కరెంటు తీసేస్తే ఎంత మంచి లేఖకుడైనా నిద్రపోతాడు.

డల్లాస్_లక్ష్మి

చదివే యంత్రం మాట తాటాకు గారు ఎత్తారు కాబట్టి ఒక సంగతి. 1086లో ఇంగ్లండు రాజు దేశమంతా భూముల లెక్క రాయించాడు, డూమ్స్‌డే గ్రంథం. తోలు కాగితం మీద సిరా. తొమ్మిది వందల ఏళ్ల సందర్భంగా 1986లో బీబీసీ వాళ్లు అలాంటిదే కొత్తగా తయారు చేసి లేజర్ డిస్కుల్లో పెట్టారు. పదిహేను ఏళ్లు దాటేసరికి ఆ డిస్కులను చదివే యంత్రాలు దొరకక పరిశోధకులు తలలు పట్టుకున్నారు. తోలు పుస్తకం ఇప్పటికీ చదవవచ్చు. మా విభాగంలో కొత్తగా చేరినవాళ్లందరికీ ముందు ఈ కథ చెబుతాము.

సందేహాల_సుబ్బులు

నా చివరి సందేహం. ఎంత చిన్నదాకా పోవచ్చు? అంతకన్నా చిన్నది లేదు అనే హద్దు ఉందా?

ఫిజిక్స్_మాస్టారు

ఈ ప్రశ్న కోసమే కాచుకుని కూర్చున్నాను. 1959 డిసెంబరులో భౌతిక శాస్త్రవేత్త ఫైన్‌మన్ ఒక ఉపన్యాసంలో గుండుసూది తల మీద ఇరవై నాలుగు సంపుటాల విజ్ఞాన సర్వస్వం రాయవచ్చు కదా అని అడిగాడు. పుస్తకంలో ఒక పేజీని 25 వేల రెట్లు చిన్నది చేసి రాసినవాడికి వెయ్యి డాలర్లు ఇస్తానన్నాడు. 1985లో స్టాన్‌ఫర్డ్ విద్యార్థి ఒకరు ఎలక్ట్రాన్ కిరణంతో రాసి డబ్బు పుచ్చుకున్నాడు. రాశాక ఆ పేజీ ఆ రేకు మీద ఎక్కడ ఉందో వెతుక్కోవడం పెద్ద పని అయిందట.

2016లో నెదర్లాండ్స్‌లో డెల్ఫ్ట్ విశ్వవిద్యాలయం వాళ్లు ఫైన్‌మన్ ఉపన్యాసంలోని మాటలనే పరమాణువులతో రాశారు. రాగి మీద క్లోరిన్ పరమాణువులు మధ్య మధ్య ఖాళీలతో గళ్లుగా పరిచి, ఒక్కో పరమాణువును పక్కకు జరిపి, ఖాళీ ఇటు ఉంటే ఒకటి, అటు ఉంటే సున్నా. పిల్లలు పదిహేను పలకల ఆట ఆడతారే, అలాగ. మొత్తం ఒక కిలోబైటు. చదరపు అంగుళానికి 502 టెరాబిట్ల సాంద్రత. 2017లో ఐబీఎం వాళ్లు హోల్మియం అనే లోహపు ఒక్క పరమాణువులో ఒక బిట్ నిలిపారు. సుబ్బులు గారూ, మీ హద్దు అక్కడ ఉంది.

నక్షత్రకుడు

డెల్ఫ్ట్ వాళ్ల పలక ఎంత చలిలో నిలుస్తుందో కూడా చెప్పండి, మాస్టారూ.

ఫిజిక్స్_మాస్టారు

మైనస్ 196 డిగ్రీలు. ద్రవ నైట్రోజన్ పోస్తూ ఉండాలి. హోల్మియానికి అంతకన్నా చలి కావాలి.

పోపులపెట్టె

బీరువా చాలదు. ఐస్‌క్రీమ్ బండి కొనాలి.

డల్లాస్_లక్ష్మి

నాకు ఇందులో కనిపించేది ఇది. చిన్నది చేస్తున్నకొద్దీ ఎక్కువ పడుతుంది, ఎక్కువ మరిచిపోతుంది. గాజు, డీఎన్ఏ ఈ సూత్రానికి లొంగలేదు కాబట్టే పెద్ద కంపెనీలు వాటి వెంట పడుతున్నాయి. అవి వస్తే ముందు మా లాంటి కేంద్రాలకు వస్తాయి, ఇంటి అల్మరాలకు కాదు. వారసుడు గారూ, ఆ తొమ్మిది ఫైళ్లు ఇవాళే మూడు చోట్ల పెట్టండి. ఒకటి మీ ఇంట్లో, ఒకటి ఊరు బయట ఉన్న బంధువుల ఇంట్లో, ఒకటి ఆన్‌లైన్‌లో. రెండేళ్లకు ఒకసారి, ఆబ్దికం రోజే అనుకోండి, తెరిచి విని, కొత్తదానిలోకి ఎక్కించండి.

మెమరీ_మేస్త్రి

ఇదంతా సరే కానీ వారసుడు గారూ, మొదటి టపాలో ఒక మాట అన్నారు. "క్యాసెట్లలో ఉండేవి" అని. ఆ క్యాసెట్లు ఏమయ్యాయి?

హరికథ_వారసుడు

కంప్యూటర్‌లోకి ఎక్కాయి కదా అని 2012లోనే మా మేనత్తకు ఇచ్చేశాను. ఆవిడ తెనాలిలో ఉంటారు. ఇప్పుడు ఎనభై రెండేళ్లు. పారేసి ఉంటారనుకుంటాను. ఫోన్ చేస్తాను.

నక్షత్రకుడు

మేస్త్రి గారూ, మొదటి జవాబులోనే ఈ ప్రశ్న అడిగి ఉంటే మనమంతా పరమాణువుల దాకా వెళ్లేవాళ్లం కాదు.

హరికథ_వారసుడు

రెండు రోజుల తరువాత రాస్తున్నాను. తెనాలి వెళ్లి వచ్చాను.

పారేయలేదు. అటక మీద బిస్కెట్ల రేకు డబ్బాలో, పాత పంచాంగాల మధ్య ఉన్నాయి. పంతొమ్మిది దొరికాయి. రెండింటికి టేపు మీద తెల్లగా బూజు పట్టింది. నాలుగు ఎవరో వినడానికి పట్టుకెళ్లి ఇవ్వలేదట, వాళ్ల పేర్లు అత్తయ్యకు ఇప్పటికీ గుర్తున్నాయి, ఒక్కొక్కరినీ తిట్టిన తరువాత కాఫీ ఇచ్చింది. పక్కింటివాళ్ల పాత టేప్ రికార్డర్‌లో ఒకటి పెట్టాము. ముందు సర్రుమని చప్పుడు, తరువాత చిడతలు, తరువాత నాన్నగారు. 1987లో పొన్నూరులో చెప్పిన కథ. వెనక ఎవరో పిల్లవాడు ఏడుస్తున్నాడు. అది నువ్వే అంది అత్తయ్య.

పోపులపెట్టె

నా దగ్గర జోకు లేదు.

ఫిజిక్స్_మాస్టారు

ఆ టేపు మీద ఉన్నది ఐరన్ ఆక్సైడు సూదులు. లక్ష్మి గారి లెక్కలో చెప్పాలంటే ఏనుగులు. మీ పెన్ డ్రైవ్ గదితో పోలిస్తే మహా మోటు సరుకు, కాబట్టి ముప్పై ఎనిమిదేళ్లు కూర్చున్న చోటు నుంచి లేవలేదు. కానీ వాటిని పట్టి ఉంచే జిగురు మాత్రం మన తేమకు పాడైపోతుంది. ఆలస్యం చేయకండి. బూజు పట్టిన రెండూ ఎట్టి పరిస్థితిలోనూ యంత్రంలో పెట్టకండి, బూజు తలకు అంటుకుని మిగిలినవాటికీ పాకుతుంది.

తాటాకు

బూజు దులపడం నాకు చేతనైన పని. మెత్తటి కుంచె, ఓపిక, మూతికి గుడ్డ. ఆ రెండూ నాకు పంపండి.

సందేహాల_సుబ్బులు

పాత టేపు డెక్కులు ఇప్పుడు ఎక్కడ దొరుకుతాయి? దొరికినా రబ్బరు బెల్టు సాగిపోయి పాట ఈడ్చుకుంటూ వస్తుంది కదా?

మెమరీ_మేస్త్రి

నా దగ్గర ఒకటి ఉంది. బెల్టు పోయిన నెలలోనే మార్చాను, తల కూడా శుభ్రం చేసి ఉంది. పగలంతా చిప్పులతో గడిపేవాడికి ఇంట్లో ఏదైనా కంటికి కనిపించేలా తిరుగుతూ ఉంటే బాగుంటుంది. వారసుడు గారూ, ఆదివారం పదింటికి రండి. పదిహేడు క్యాసెట్లు, రెండు వైపులా, భోజనం మా ఇంట్లోనే. బూజువి వేరే కవరులో కట్టండి. తాటాకు గారికి నేనే పంపిస్తాను. మూడు హార్డ్ డిస్కులు మీరు తెచ్చుకోండి. పెన్ డ్రైవ్ తేవద్దు.

హరికథ_వారసుడు

తప్పకుండా వస్తాను. ఇంకొక కుర్చీ వేయించండి. అత్తయ్య కూడా వస్తానంటోంది. డబ్బా తన ఒళ్లోంచి దించదట.